నమ్మకమైన బండి అంటే మన ఊళ్ళో సామాను దొరికే బండి

"యా బండి తీసుకుంటే పదైదేండ్లు ఇబ్బంది లేకుండా తిరుగుతాదన్నా?" అనంతపురంలో ఏ షెడ్డు దగ్గర కాసేపు నిలబడినా ఈ ప్రశ్న చెవిన పడుతుంది. జవాబుగా ఒక కంపెనీ పేరు వస్తుంది. పక్కనున్నాయన ఇంకో పేరు చెబుతాడు. చేతిలో టీ చల్లారేదాకా వాదన నడుస్తుంది. ఇద్దరూ సగమే చెబుతున్నారు. బండి ఎన్నేళ్ళు తిరుగుతుందన్న సంగతి సగం ఇంజనులో ఉంటే, మిగతా సగం ఊళ్ళో ఉంటుంది. సామాను అమ్మే కొట్లో ఉంటుంది, ఆ ఇంజను ఇప్పి బిగించడం తెలిసిన చేతిలో ఉంటుంది, అదే బండి నడిపే నలుగురి మాటల్లో ఉంటుంది. కొనేటప్పుడు ఈ రెండో సగాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే సిరీస్ వచ్చింది. కాబట్టి అనంతపురం ఏపీ 02, కడప ఏపీ 04, కర్నూలు ఏపీ 21 నంబర్లు కనబడితే ఆ బండి అంతకు ముందుదే. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక పూట ఆ పాత నంబర్లను గమనించండి. మాటిమాటికీ ఒకటే ఇంజను వంశం ఎదురవుతుంది. హీరో హోండా 1985లో సీడీ 100తో మొదలుపెట్టి, 1994లో స్ప్లెండర్‌లో పెట్టిన 97.2 సీసీ ఇంజను అది. బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం వెడల్పు, 50 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5. బలం ఏడున్నర హార్స్‌పవర్ చుట్టూ. అంత తక్కువ పని చేయించే ఇంజను ఎక్కువ కాలం బతకడంలో వింతేమీ లేదు.

కానీ అంతే సాదా ఇంజన్లున్న వేరే బండ్లు ఏమైపోయాయి? ఎల్‌ఎంఎల్ ఫ్రీడమ్ చెడ్డ బండి కాదు. కంపెనీ మూతపడింది, సామాను ఆగింది, బండ్లు ఒక్కొక్కటే పాత ఇనుము కొట్టుకు చేరాయి. టీవీఎస్, సుజుకి 2001లో విడిపోయాక మ్యాక్స్ 100, సమురాయ్‌లకు కూడా నెమ్మదిగా అదే గతి. దీనికి పూర్తిగా ఎదురు కథ యమహా ఆర్ఎక్స్ 100ది. దాని తయారీ 1996లో ఆగింది. అయినా ఇవాళ్టికీ పిస్టన్ కిట్టు, క్లచ్ ప్లేట్లు, టెయిల్ లైటు అద్దం దాకా దొరుకుతాయి. నకిలీలు కుప్పలు, అసలువి దొరికితే ధర వాత. కంపెనీ వదిలేసిన బండిని నడిపేవాళ్ళు వదల్లేదు, అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి చేసి అమ్మేవాళ్ళు పుట్టారు. అదే 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడిన యెజ్డీకీ ఇలాంటి భాగ్యమే పట్టింది. బెంగళూరు దగ్గరే కాబట్టి మన వైపు యెజ్డీ ఉన్నవాళ్ళకు సామాను తెచ్చుకోవడం ఇంకాస్త సులువు.

అందుకే కొత్త బండి కొనేముందు షోరూముకు పోయే దారిలో స్పేర్ పార్ట్స్ కొట్టు దగ్గర ఆగమంటాను. ఐదు వస్తువులు అడగండి: క్లచ్ కేబులు, బ్రేక్ షూలు లేదా ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్ సెట్టు, క్లచ్ ప్లేట్లు, ఇంధన పంపు. మొదటి నాలుగూ చేతికిచ్చి, ఐదోది "రేపటికి తెప్పిస్తా" అంటే దిగులు లేదు. క్లచ్ కేబులుకే "బెంగళూరు నుంచి రావాల" అన్నాడంటే ఆ బండి ఎంత గొప్పదైనా మీకు ఏడాదికి కనీసం ఒక వారం సెలవు పెడుతుంది. ఉరవకొండ, కళ్యాణదుర్గం, కదిరి వైపు ఉండేవాళ్ళు ఈ పరీక్ష జిల్లా కేంద్రంలో కాకుండా సొంత ఊళ్ళోనే చేయాలి. ఆదివారం సాయంత్రం చేస్తే మరీ మంచిది.

ఇక మన నేల సంగతి. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. మిగతా కాలమంతా దుమ్మే. కడప, బేతంచెర్ల వైపు బండల పాలిషింగు పొడి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీల ధూళి దీనికి తోడు. ఇంజనుకు వేడి కన్నా దుమ్మే పెద్ద శత్రువు. మట్టిలో ఉండే సన్నని ఇసుక రేణువు ఇనుముకు గరుకు కాగితం లాంటిది. ఫిల్టరు దాటి లోపలికి పోయిందంటే పిస్టన్ రింగులకూ బోరు గోడకూ మధ్య ఇరుక్కుని రెండింటినీ గీకుతుంది. బండి ఒక్కరోజులో ఏమీ చెప్పదు. ఏడాది తర్వాత ఆయిల్ తగ్గుతుంది, సైలెన్సరు నుంచి నీలిపొగ వస్తుంది, "ఇంజను బోరుకొచ్చింది" అంటారు, అంటే బోరు అరిగి మళ్ళీ చెక్కించాల్సి వచ్చిందని. దోషం ఇంజను మీదికి పోతుంది. నిజానికి చాలాసార్లు దోషం నూటయాభయ్యో రెండొందలో చేసే ఎయిర్ ఫిల్టరుది.

ఫిల్టర్లు అన్నీ ఒకటి కావు, షెడ్డుల్లో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. పాత బండ్లలో స్పాంజి ఉంటుంది. దాన్ని కిరసనాయిల్లోగాని సబ్బునీళ్ళలోగాని ఉతికి, మెలిపెట్టకుండా పిండి, నీడలో ఆరబెట్టి, కాస్త ఇంజన్ ఆయిల్ పట్టించి మళ్ళీ పిండి బిగించాలి. పొడిగా బిగిస్తే దుమ్మును ఆపదు. కొత్త బండ్లలో చాలావాటికి జిగురు నూనె పట్టించిన పేపరు ఫిల్టరు ఉంటుంది. దాన్ని కంప్రెసరు గాలితో ఊదకూడదు, ఉతకకూడదు. ఊదితే జిగురు పోయి దుమ్ము పట్టుకునే గుణం పోతుంది, పేపరు కూడా చిల్లులు పడుతుంది. మాన్యువల్లో చాలా బండ్లకు 15,000 కిలోమీటర్ల చుట్టూ మార్చమని ఉంటుంది, దుమ్ము ప్రాంతాల్లో ఇంకా ముందే అని కూడా అక్కడే ఉంటుంది. పొలం దారుల్లో తిరిగే బండికి ఆ లెక్కలో సగానికే మార్చడం నా సలహా. మార్చేటప్పుడు ఫిల్టరు పెట్టె నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం కూడా వంచి చూడండి. ఎండకు చీలిన రబ్బరుంటే ఎంత మంచి ఫిల్టరు పెట్టినా దుమ్ముకు పక్కదారి దొరికినట్టే. పికప్ కోసమని ఫిల్టరే పీకేసేవాళ్ళకు చెప్పేదేమీ లేదు, లేత్ షాపువాడు చెబుతాడు.

ఆయిల్ గురించి అందరికీ అన్నీ తెలుసు, అందులో సగం తప్పు. నల్లబడగానే పాడైందని ఒకరు, ఇంకా తేనెరంగే ఉంది కాబట్టి బాగుందని ఇంకొకరు. రంగు కొలత కాదు. ఆయిల్ నల్లబడటమంటే మసిని తనలో కలుపుకుంటోందని, అంటే తన పని చేస్తోందని. చూడాల్సింది మట్టం. స్ప్లెండర్ తరహా ఇంజనులో పట్టేదే లీటరు లోపు, అందులో 200 మిల్లీలీటర్లు తగ్గినా పెద్ద వాటాయే. పదిహేను రోజులకోసారి, సమమైన నేల మీద సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపి రెండు మూడు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి చూడాలి. ఈ ఇంజన్లలో డిప్‌స్టిక్‌ను మరలో తిప్పకుండా ఊరికే ఆనించి చూస్తారు. తిప్పి చూస్తే లేని ఆయిల్ ఉన్నట్టు కనబడుతుంది. డబ్బా మీద 900 మిల్లీలీటర్లని ఉంది కదా అని మొత్తం పోసేయకూడదు. పాత ఆయిల్ ఎప్పుడూ కొంత లోపలే ఉండిపోతుంది. గుర్తు చూసుకుంటూ పోయాలి. గ్రేడు మాన్యువల్లో ఉన్నదే, దాంతోపాటు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. మన బండ్లలో క్లచ్ కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్ పోస్తే అందులోని జారుడు మందులకు క్లచ్ జారిపోతుంది.

ఇంకో విషయం, ఇది షెడ్డులో ఎవరూ చెప్పరు. ఈ చిన్న ఇంజన్లకు కారులో ఉన్నట్టు ఆయిల్ ఫిల్టరు ఉండదు. ఒక జల్లెడ, క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర గిరగిరా తిరిగే ఒక గిన్నె, అంతే. ఆ తిరుగుడుకు బరువైన మురికి గిన్నె గోడకు అంటుకుని ముద్దగా పేరుకుంటుంది. కుడివైపు క్లచ్ కవరు ఇప్పితేగానీ అది కనబడదు. ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా ఆ ముద్ద కదలదు. ఏడాదికో, 12,000 కిలోమీటర్లకో ఒకసారి కవరు ఇప్పించి, గిన్నె తుడిపించి, జల్లెడ కడిగించి, కొత్త ప్యాకింగు పెట్టించాలి. గంట పని, ప్యాకింగు ధర. మెకానిక్కు తనంతట తాను చేయడు, మీరు అడగాలి. పక్కనే నిలబడితే ఇంకా మంచిది. కింద డ్రెయిన్ బోల్టు బిగించేటప్పుడు కూడా పక్కనే ఉండండి. అల్యూమినియం కేసులో ఇనుప బోల్టును పొడుగు పానాతో ఊపి బిగిస్తే మర పోతుంది. బండికి మనం చేతులారా చేసే నష్టాల్లో ఎక్కువగా కనబడేది ఇదే. వాషరు మార్చి, చిన్న పానాతో, ఆనిన తర్వాత ఇంకాస్త బిగిస్తే చాలు.

టాపెట్ల దగ్గర, అంటే వాల్వులను నొక్కి తెరిచే భాగాల దగ్గర, కస్టమర్‌దే తప్పు. "టిక్‌టిక్ అంటాంది, సౌండు లేకుండా చేయప్పా" అంటాడు. మెకానిక్కు సందు తగ్గించేస్తాడు, బండి నిశ్శబ్దం అవుతుంది, ఇద్దరూ సంతోషం. వేడెక్కినప్పుడు వాల్వు పొడుగవుతుంది. సందు లేకపోతే పూర్తిగా మూతపడదు. కాలుతున్న గ్యాసు ఆ సన్నని చీలికలోంచి పోతూ వాల్వు అంచును తినేస్తుంది. వేడి మీద స్టార్టు కావడం కష్టమవుతుంది, లాగుడు తగ్గుతుంది. కొంచెం చప్పుడు చేసే టాపెట్ కన్నా ఏమీ చప్పుడు చేయని టాపెట్‌నే అనుమానించాలి. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, అంటే రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, సందు కొలిచే రేకు, అదే ఫీలర్ గేజితో, మాన్యువల్లోని అంకె పెట్టాలి. ఆ అంకె మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. చేతి అంచనాతో పెట్టేది కాదు.

చైను గురించి కొంచెం. కమ్యూటర్ బండ్లకు మధ్యలో కిందికీ పైకీ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ ఎక్కడ ఎక్కువ బిగువుందో ఆ చోటే కొలవాలి. రెండువైపులా గుర్తులు సమానంగా పెట్టి, యాక్సిల్ నట్టు బిగించాక మళ్ళీ కొలవాలి, ఎందుకంటే బిగిస్తే మారుతుంది. కాలిన ఆయిల్ చైను మీద పోయడం మన వైపు బాగా అలవాటు. అది ఎర్రమట్టితో కలిసి రుబ్బుడు ముద్ద అవుతుంది. 90 నంబరు గేర్ ఆయిల్ పలచగా రాసి, రాత్రంతా వదిలి, పొద్దున పొడిగుడ్డతో తుడిచేయడమే మన వాతావరణానికి సరి. కీళ్ళలో రబ్బరు రింగులుండే ఓ రింగు చైనైతే పెట్రోలుతో కడగొద్దు. రింగులు పాడవుతాయి, కిరసనాయిలూ మెత్తని బ్రష్షూ చాలు. స్టయిలు కోసం చైను కవరు ఇప్పేసే కుర్రాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఈ దుమ్ములో ఆ రేకు డబ్బాను మించిన యాక్సెసరీ లేదు. వెనక స్ప్రాకెట్ మీద చైనును పట్టి లాగితే పన్ను సగం బయటపడిందంటే చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చాల్సిందే. ఒకటి మారిస్తే కొత్తదాన్ని పాతది తింటుంది.

టైర్లకు కంప ముళ్ళే శాపం, ట్యూబులెస్ ఉంటే సగం బాధ తీరుతుంది. గాలి పొద్దున చల్లటి టైరులో కొలిపించాలి. పక్కన నాలుగంకెల ముద్ర చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. పైన గట్లు అరగకపోయినా ఆరేళ్ళు ఎండిన రబ్బరు తడి రోడ్డు మీద పట్టుకోదు. ఇక వాటర్ సర్వీసు: ఆ ప్రెషరు గన్నును చక్రాల బేరింగుల మీదికీ, సీటు కింది కనెక్టర్ల మీదికీ, సైడ్ స్టాండు స్విచ్చు మీదికీ పట్టనివ్వకండి.

ఆ చివరి స్విచ్చుతోనే కొత్త బండ్ల సంగతి మొదలవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ నిబంధన వచ్చి, చాలా బండ్లలో పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. "కొత్తవన్నీ వేస్టు, పాతవే గట్టి" అనే మాట అప్పటినుంచి ఎక్కువైంది. ఒప్పుకోను. ఇంజెక్షన్ బండి పొద్దున్నే ఒక్క నొక్కుకు లేస్తుంది, చోకుతో పని లేదు, మైలేజీ నిలకడగా ఉంటుంది. తేడా చెడిపోయే తీరులో ఉంది. కార్బొరేటర్ బండి నెల ముందునుంచీ దగ్గుతూ తుమ్ముతూ హెచ్చరిస్తుంది. ఇంజెక్షన్ బండి బాగా పోతూ పోతూ ఆగిపోతుంది. అందులోనూ చాలాసార్లు కారణం చిన్నదే: నీళ్ళు పోయిన సైడ్ స్టాండు స్విచ్చు, ఎలుక కొరికిన వైరు, మూసుకుపోయిన పంపు జల్లెడ, లేదా బ్యాటరీ. బ్యాటరీ చచ్చితే పంపు తిరగదు, కాబట్టి కొన్ని బండ్లకు కిక్ ఉన్నా లాభం ఉండదు. ఒక మామూలు మల్టీమీటరు ఇంట్లో పెట్టుకోండి. రాత్రి ఆపిన బండికి పొద్దున బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2కు దిగితే సగం ఖాళీ. ఇంజను వేగం పెంచినప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అంతకు తగ్గితే బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే రెగ్యులేటరునో వైరింగునో అనుమానించాలి, 15 దాటితే రెగ్యులేటరు పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. ఈ రెండు కొలతలు తెలియక ఏడాదికో బ్యాటరీ కొనేవాళ్ళున్నారు. నీళ్ళు పోసే రకం బ్యాటరీకి బోరు నీళ్ళు పోయకండి, మన బోర్లలో ఉప్పు ఎక్కువ. డిస్టిల్డ్ వాటరే పోయాలి.

పాత కార్బొరేటర్ బండ్లకు ఇప్పుడున్న అసలు చిక్కు పెట్రోలు. పంపుల్లో 20 శాతం ఇథనాల్ కలిసినదే వస్తోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. లెక్క ప్రకారం కలపని పెట్రోలు కన్నా లీటరుకు శక్తి 6, 7 శాతం తగ్గుతుంది. అంతకు మించి మైలేజీ పడిపోయిందంటే వేరే కారణం వెతకాలి. ఇథనాల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. నెల దాటి బండి తీయని పక్షంలో ట్యాపు కట్టి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి, కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ వదిలి మిగిలింది దించేయాలి. ట్యాంకు మాత్రం సగంలో వదలకుండా నింపి పెట్టాలి, ఖాళీ చోటులోనే చెమ్మ పట్టి తుప్పు లేస్తుంది. పెట్రోలు పైపు మెత్తబడి జారుతున్నట్టుంటే వెంటనే మార్చండి. అది కారేది వేడి ఇంజను మీదే.

బోరు పని దాకా వస్తే తొందరపడొద్దు. స్టార్టు చేసిన మొదటి క్షణం మాత్రమే నీలిపొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్ళు. అవి తక్కువ ఖర్చు. రేజు చేసినప్పుడల్లా వస్తే రింగులూ బోరూ. అప్పుడు రింగులు మాత్రం మార్చి సరిపెట్టడం డబ్బు దండగ. బోరు కోడిగుడ్డులా సాగి ఉంటుంది, గుండ్రని రింగు అందులో అతకదు. 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు ఉన్నది అందుకే. లేత్ షాపుకు పిస్టన్ను కూడా పంపాలి, దాన్ని కొలిచి బోరు కొట్టాలి. ముందే బోరు కొట్టి తర్వాత పిస్టన్ కొనేవాళ్ళ ఇంజను బిగుసుకుంటుంది. బిగించాక మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంలో లాగకుండా, ఇద్దరెక్కకుండా తిప్పి, ఆయిల్ మార్చాలి.

ఇన్ని సంగతులు ఒక్కడికే తెలియాలంటే కుదరదు. రైడర్ల గ్రూపులు అక్కడే పనికి రావాలి. అనంతపురం, కడప, కర్నూలు మూడు చోట్లా బుల్లెట్లవాళ్ళూ, ఆర్ఎక్స్‌లవాళ్ళూ ఆదివారం తెల్లారుజామున లేపాక్షికో గండికోటకో బయల్దేరడం బాగానే ఉంది. కానీ చాలా గ్రూపుల్లో ఫోటోలు వందలుంటాయి, ఫలానా కిలోమీటర్లకు ఫలానా భాగం పోయిందన్న మాట ఒక్కటీ ఉండదు. తన బండి పరువు తీయడం ఇష్టముండదు కదా. బుల్లెట్ యూసీఈ (ఇంజను, గేర్‌బాక్సు ఒకే కేసులో ఉండే) ఇంజన్లలో స్ప్రాగ్ క్లచ్, అంటే సెల్ఫ్ మోటారును ఇంజనుకు పట్టించే భాగం, పోతుందన్న సంగతి దేశమంతా పాకింది ఎలా? పోయినవాళ్ళు దాచకుండా చెప్పుకోబట్టి. సెల్ఫ్ కొట్టగానే టక్కుమన్నా బ్యాటరీ చూసుకోవాలని, బలహీనమైన బ్యాటరీతో పదేపదే సెల్ఫ్ కొట్టొద్దని అందరికీ తెలిసింది అలాగే. తప్పు దాచే గ్రూపులో బండి ముసలిదైతే అమ్మేయడమే గతి.

గ్రూపుకు చందా ఉంటే టీషర్టులకు పెట్టకండి. మ్యాగ్నెట్ పుల్లరు, క్లచ్ లాక్ నట్టు సాకెట్టు, టార్క్ పానా, ఫీలర్ గేజి, మల్టీమీటరు, చైను రివెట్ పనిముట్టు, ఇంజెక్షన్ బండి లోపాలు చదివే, కంపెనీకి సరిపడే స్కానరు ఒకటి కొని ఒకరి దగ్గర ఉంచండి. ఇవి ఒక్కొక్కరు కొంటే దండగ, పదిమందికి ఒకటుంటే పండగ. గుత్తిలో, డోన్‌లో, మైదుకూరులో, రాయచోటిలో ఏ మెకానిక్కు ఏ ఇంజను ఇప్పగలడో పట్టీ రాసి పెట్టుకోవడం దానికన్నా విలువైనది. గువ్వలచెరువు ఘాటులో బండి ఆగినప్పుడు అక్కరకొచ్చేది ఆ పట్టీయే. ప్రతి బండికీ వంద పేజీల నోటు పుస్తకం ఒకటి ఉండాలి. తేదీ, మీటరు అంకె, మార్చిన వస్తువు, ధర, ఎవరు చేశారు. అంత చాలు. పాత బండి కొనేవాడికి మీటరు అంకెను నమ్మాల్సిన పని ఉండదు, పుస్తకం చూపిస్తే రేటు దానంతటదే కుదురుతుంది.

పదిహేనేళ్ళు దాటించాక కాగితాల పని మిగులుతుంది. సొంత వాడకం బండి ఆర్‌సీ గడువు 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి పొడిగింపు. ఫారం 25తో గడువుకు 60 రోజుల ముందునుంచి అర్జీ పెట్టొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి మోటార్‌సైకిలుకు పొడిగింపు రుసుము 300 నుంచి 1,000 రూపాయలైంది, 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన వాటికి 2,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు వేరే. బండిని తీసుకుపోయి చూపించాలి, అక్కడ ఇన్‌స్పెక్టరు మొదట చూసేది ఛాసిస్ నంబరే. చాలా బండ్లలో అది హ్యాండిల్ కింద మెడ మీద కొట్టి ఉంటుంది, కేబుళ్ళు ఒరుసుకునే చోటు, వాననీరు నిలిచే చోటు. ఏటా ఒకసారి అక్కడి మట్టి తడిగుడ్డతో తుడిచి, ఆరాక పలచగా గ్రీజు రాయండి. తుప్పు కనబడినా గరుకు కాగితం మాత్రం పెట్టకండి. పెయింటింగుకు ఇచ్చేటప్పుడు ఆ చోట టేపు అంటించి ఇవ్వండి, లప్పం పెట్టి రంగు కొట్టాడంటే అంకెలు దాని కిందికి పోతాయి.